పాత నాగపూర్ రోడ్డు మీద చాయ్

“గోడ ముట్టకే, నీకు దండం పెడ్త,” అంటూ హనుమంతు పెళ్లాం చేతిలోని సున్నం బకెట్ లాక్కున్నాడు.

శంకరవ్వకు ఒళ్లు మండింది. “చుట్టాలొస్తుంటె సున్నం ఎయ్యకుంట ఎట్ల? పెచ్చులూడిన గోడ చూస్తె గా తెల్లోళ్లు ఏమనుకుంటరు?”

“గా పెచ్చులు చూడనీకే వస్తుండ్రు. భాను సారు చెప్పింది మర్చినవా?”

గైడ్ భానుప్రసాద్ చెప్పింది ఆమె మరిచిపోలేదు. నమ్మలేదు, అంతే. అమెరికాలో ఒక పాత హైవే ఉందట. పక్కనే పెద్దరోడ్డు పడ్డాక దాని మొహం చూసేవాళ్లు లేకుండా పోయారు. అయినా ఏయే దేశాల వాళ్లో విమానమెక్కి వచ్చి, బండి కిరాయికి తీసుకుని, ఆ పాతరోడ్డునే పట్టుకుని పోతారట. పెద్దరోడ్డు మీద ఎక్కడ ఆగినా అదే కాఫీ, అదే పలకరింపు. పాతరోడ్డు మీదైతే తుప్పు పట్టిన బోర్డు, కాళ్లు ఊగే బల్ల, పక్కన కూర్చుని కష్టం సుఖం చెప్పే హోటలాయన. ఆ రుచి మరిగిన జర్మనీ వాళ్లు ఆరుగురు ఇవాళ ఇచ్చోడ దాటి ఇటే వస్తున్నారు. వాళ్లకు నచ్చితే నెలకు రెండు వ్యాన్లు ఇక్కడే ఆగుతాయి.

“నచ్చకుంటె?” అంది శంకరవ్వ.

“మళ్ల హైదరాబాద్ల వాచ్‌మన్ పనే.”

హనుమంతు బకెట్‌ను కొట్టు వెనకాల దాచి వచ్చేసరికి నెత్తిన మరో పిడుగు పడింది. నల్లగా ఉండాల్సిన ఇత్తడి పాలగిన్నె పొయ్యి మీద తళతళలాడుతోంది.

“తోమినవా?”

“చింతపండు పెట్టి తోమిన. మసిగిన్నె ముందట పెట్టాల్నంటె నా పానం ఒప్పలే.”

తిట్టడానికి నోరు తెరిచేలోగా వ్యాను వచ్చి ఆగింది.

భానుప్రసాద్ వెంట దిగినవాళ్లు బల్లను నిమిరారు, తుప్పు బోర్డు కింద నిలబడి ఫొటోలు దిగారు. వాళ్లను తీసుకొచ్చిన పెద్దావిడ హెల్గా మాత్రం పాలగిన్నె దగ్గరే ఆగిపోయింది. మసి వదిలాక బయటపడిన అక్షరాల మీద వేలు పెట్టి ఏదో అడిగింది. కొన్న గిన్నె మీద పేరు కొట్టించుకోవడం మనకు అలవాటే కదా. హనుమంతు వంగి, కూడబలుక్కుని చదివాడు.

“మొండయ్య, 1968.”

“మొండయ్య ఎవరని అడుగుతాంది,” అన్నాడు భానుప్రసాద్.

హనుమంతు గిన్నె వైపు చెయ్యి చూపాడు. “పెద్దమనిషి సారు. ఆయన గిన్నె లేకుంటె మా చాయ్ లేదు.”

ఆ రెండు ముక్కలనే భానుప్రసాద్ చాలాసేపు ఇంగ్లీషులో చెప్పాడు. ఆరుగురూ గిన్నెకు చేతులు జోడించారు. ‘తోమకపోతె ఏమైతుండె?’ అన్నట్టు శంకరవ్వ మొగుడి వైపు చూసింది.

హెల్గా రెండో చాయ్ కూడా తాగి మళ్లీ ఏదో అడిగింది.

“గీడ ఎన్నేండ్ల సంది చాయ్ పోస్తుండ్రు అని,” అన్నాడు భానుప్రసాద్.

హనుమంతు శంకరవ్వను చూశాడు. శంకరవ్వ పైకప్పును చూసింది.

“ఎన్నేండ్లని చెప్పాలె సారు…” హనుమంతు పొయ్యి వైపు తిరిగాడు.

ఆ ఒక్క మాటకే హెల్గా కళ్లు తుడుచుకుంది. అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

“నెలకు రెండు గాదు హనుమంతన్నా, నాలుగు వ్యాన్లు తెస్తదట,” అన్నాడు భానుప్రసాద్.

హనుమంతుకు పట్టరాని సంతోషమైంది. అందరికీ ఇంకో చాయ్ పొయ్యమని పెళ్లాన్ని కేకేశాడు.

పాడుబడ్డ కొట్టు కిరాయికి పట్టి, పాత సామాన్ల అంగట్లో గిన్నె కొని, ఆ హోటల్ తెరిచి ఆ రోజుకు పదకొండు రోజులు.