గెడ్డ అవతల

"గెడ్డ అవతలే తవ్వండి," అన్నాడు ఫల్గుణ.

గునపాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరి వాగయిన ఆ గెడ్డకు ఇవతల, చర్చి కంచెను ఆనుకుని విశ్వాసుల సమాధులు. అవతల మిగతావాళ్లవి. సోములమ్మ శవం మాత్రం సంఘ పెద్ద ఫల్గుణ సొంత వరండాలోనే ఉంది.

"మనింట్లో పోయిన మనిషి," అంది అతని భార్య నిర్మల. "నీకు పిన్ని వరస. అవతల పడేత్తావేటి?"

"బాప్తిస్మం లేదు. కొండదేవతకి కోడి మొక్కడం మానలేదు. ఇంటికో రూలు, ఊరికో రూలు ఎడితే రేపు నా మాట ఎవులింటారు?"

రూలు సంగతి అలా ఉంచితే, అసలు సంగతి వేరు. ఫల్గుణకు ఆ ముసలమ్మంటే సిగ్గు. అతని తండ్రి పెళ్లాన్నీ పిల్లల్నీ ఇక్కడ వదిలేసి, పెదబయలు వైపు వెళ్లి ఈవిడతో కాపురం పెట్టాడు. మళ్లీ రాలేదు. ఫల్గుణా ఆ గుమ్మం తొక్కలేదు. తండ్రి పోయాక, నాలుగేళ్ల క్రితం, సోములమ్మ చెల్లెలు యర్రమ్మ ఆమెను తీసుకొచ్చి దింపి వెళ్లింది. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగీ తాగీ గొంతులో పుండు లేచిందట. పట్నంలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. పొమ్మంటే ఊరు నవ్వుతుంది. ఉండమంటే తండ్రి చేసిన పని రోజూ కళ్లెదుట కూర్చుంటుంది. ఉండనిచ్చాడు. అన్నం పెట్టించాడు. పలకరించడం మాత్రం తక్కువ.

తన తరవాత తన పేరు మచ్చ లేకుండా మిగలాలని ఫల్గుణ తాపత్రయం. మొన్న ఆదివారం ఆ సంగతి మీదే ప్రసంగం చేశాడు.

"హేబెలు సచ్చిపోయినా తన విశ్వాసం వల్ల ఇంకా మాటాడతన్నాడని బైబిల్లో రాసుంది. మనం పోయాక మన గురించి ఏటి మాటాడద్ది? ఆలోసించుకోండి."

అలా అడిగే హక్కు అతనికుంది. ఒకప్పుడు జీలుగుకల్లు తాగి సంతలో పడిపోయే మనిషి. ఒక సంతరోజు ఎవరో సోలారు పెట్టె పెట్టి వాక్యం వినిపిస్తున్నారు. తెలుగులో కాదు, కొండ మాటలో. తప్పిపోయిన గొర్రెను కాపరి భుజాన వేసుకొచ్చిన కథను ఒక ఆడగొంతు చెబుతోంది, ఏడ్చే బిడ్డను ఊరుకోబెడుతున్నట్టు. ఫల్గుణ మట్టిలోనే కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. తరవాత ఆ పెట్టెను ఊరికి తెచ్చిందీ అతనే. గొంతెవరిదని అడిగితే ఇచ్చినవాళ్లకూ తెలియలేదు. ఎక్కడో గొంతు బాగున్న మనిషిని చూసుకుని, ఒక్కో ముక్కా చెప్పి పలికించి, రికార్డు చేస్తారట. అందుకని ప్రతి ఆదివారం ప్రార్థనలో తలుచుకుంటాడు.

"ఆ యమ్మెవులో నాకు తెల్దు ప్రభువా. పరలోకంలో కనబడితే ఆ కాళ్లు కడుగుతాను."

సోములమ్మ చర్చి లోపలికి వచ్చేది కాదు. పెట్టె మోగితే బయట అరుగు మీద చేరేది. పెదాలు ఆడిస్తూనే ఉండేది. చుట్ట పోయినా అలవాటు పోలేదని ఫల్గుణ విసుక్కునేవాడు. వచ్చిన కొత్తలో ఒకసారి పెట్టెకేసి వేలు చూపించి, తన గొంతు పట్టుకుని, ఆశగా అతని మొహంలోకి చూసింది.

"గొంతు కావాలేటి? ముందు బాప్తిస్మం తీసుకో. అప్పుడు ప్రార్థన సేత్తాను," అన్నాడు పదిమందిలో.

ఎవరో నవ్వారు. ముసలమ్మ చెయ్యి దించేసింది. మళ్లీ ఎప్పుడూ చూపించలేదు.

ఇవాళ గొయ్యి తవ్వుతుంటే అతనికి ఆ దించేసిన చెయ్యే గుర్తొస్తోంది.

"యర్రమ్మకి కబురెట్టినావా?" అని భార్యనడిగాడు.

"పొద్దున్నే ఫోను సేయించినాను. బస్సు దిగి నడిసి రావాల. ఆగుదామేటి?"

"వానొచ్చీలాగుంది. బేగి కానిద్దాం."

శవాన్ని గెడ్డ దాటించారు. పాట లేదు, ప్రార్థన లేదు. గొయ్యి పక్కన దించారు.

"కుక్కని పాతినట్టుంది," అంది నిర్మల తలెత్తకుండా.

ఫల్గుణకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్లలో ఒక్కపూటయినా తిన్నావా అని అడిగాడా? తండ్రి మీది కోపం నోరు లేని మనిషి మీద తీర్చుకున్నాడు, అంతే. ఇప్పుడయినా ఇవతలికి తీసుకుపోదాం అనొచ్చు. ఇంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడానికీ సిగ్గే అడ్డొచ్చింది.

"ఆ పెట్టి ఇలా తెండి," అన్నాడు చివరికి. "రూలు రూలే. వాక్యం ఎవులయినా ఇనొచ్చు. ముసిలమ్మకి అదంటే ఇట్టం."

పెట్టెను గొయ్యి గట్టున పెట్టి మీట నొక్కాడు. తప్పిపోయిన గొర్రె కథ. ఆ ఆడగొంతు కాఫీ తోటల మీదుగా దిగువ దారి దాకా వెళ్లింది. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. ఫల్గుణ కళ్లు తుడుచుకున్నాడు. ఈ ఒక్క మేలయినా చేశాననుకున్నాడు.

కాఫీ మొక్కల చాటున ఎవరో గబగబా ఎక్కి వస్తున్న చప్పుడయింది. యర్రమ్మ. చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆయాసంతో మాట రావడం లేదు. కళ్లనిండా నీళ్లు, మొహం మాత్రం వెలిగిపోతోంది. గుంపు అడ్డంగా ఉండటంతో శవాన్ని ఇంకా చూడలేదు.

"అప్ప సచ్చిపోనాదని కబురెట్టినారేటి బాబూ," అంది ఫల్గుణ చెయ్యి పట్టుకుని. "మలుపు కాడ నుంచీ ఇంటన్నాను."

ఊపిరి తీసుకుని నవ్వింది.

"మా అప్పకి మాటొచ్చీసింది."