మంచం దాకా అడుగులు

అయస్కాంత శక్తి ఉన్న ఆ శ్వేతకుబ్జ నక్షత్రం రెండు గంటలకోసారి తన జంట నక్షత్రం చాటుకి పోతుంది. ఆ క్షణాన్ని సనోబర్ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పట్టుకోవాలి. తెల్లారితే కెమెరా కాలేజీకి తిరిగిచ్చెయ్యాలి, ఈ రాత్రికి ఇదే ఆఖరిసారి. భవానీపురంలో డాబా మీద మంచమేసుకుని కాపు కాస్తూ, పాపం, కునుకు తీసేసింది.

టక్, టక్.

కర్ర చప్పుడుకి ఉలిక్కిపడి లేచి మీట నొక్కింది. అప్పుడే నక్షత్రం మాయమైంది. దొరికింది!

రంజాన్‌లో తెల్లవారుజామున సహరీ భోజనం వేళకి వీధిలో తలుపులన్నీ అలాగే రెండుసార్లు కొట్టి లేపేవాడు వాళ్ల నాన్న బాబ్జాన్. ఆయన పోయి మూడు నెలలు.

వేడిని చూసే ఆ కెమెరాని మెట్లవైపు తిప్పింది. ఖాళీ గచ్చు మీద వెచ్చటి అడుగులు, కెమెరా తెరలో తెల్లగా, మంచం దాకా వచ్చాయి. తిరిగి వెళ్లిన అడుగులు లేవు.

"షుక్రియా అబ్బాజాన్," అంటూ సనోబర్ పక్కకి జరిగి చోటిచ్చింది.

మంచం కిర్రుమంది.