పచ్చిక మీది మచ్చ

శాలిబండలో దొర దేవిడీ. పచ్చిక నడుమ గడ్డి చచ్చిన మచ్చ, అచ్చం బోర్లా పడిన మనిషిలా ఉంది. ఎండకు వాడిపోకుండా మాలి నర్సింలు రోజూ పొద్దుగూకాకే దానిమీద గరిక నాటి, కాలితో అదిమేవాడు. నాటిన చోట చక్కగా చిగురేసేది. మచ్చ మాత్రం దొర పడకగది వైపు జరిగేది.

“ఇంకెన్నాళ్లురా?” కిటికీలోంచి దొర అరిచాడు.

“ఈ రాత్రితో అయిపోతది, దొరా.”

నర్సింలు వాళ్లన్న పెంటయ్య మీద దొర కొరడా ఎత్తిన రాత్రి నుంచి అతని జాడలేదు. ఆ మర్నాడే పచ్చికలో ఈ మచ్చ పడింది.

పడకగదిలో దీపం ఆరింది. నర్సింలు ఖుర్పీ తీసి, మచ్చకీ గోడకీ మధ్య మిగిలిన పచ్చగడ్డినంతా వేళ్లతో సహా పెళ్లగించాడు.

“గిటు రా, అన్నా,” అన్నాడు మెల్లగా.

కాళ్ల కింద మట్టి కదిలింది. ఉక్కపోతకు దొర కిటికీ తెరిచే పడుకున్నాడు.