పక్క మంచం

రజని నవల తెరిచిందంటే చాలు, చేతికి గుచ్చిన సూది సంగతే మరిచిపోతాడు ఢిల్లీబాబు.

పలాసలోని ఆ డయాలసిస్ సెంటర్లో పొద్దుటి షిఫ్టు నాలుగు గంటలు. మిషన్ రక్తం కడుగుతున్నంతసేపూ కదలకుండా పడుకోవాలి. అంతసేపూ రజని ప్రేమ నవల పైకి చదువుతుంది. ఆమె కుర్చీ రెండు మంచాల మధ్యన. ఒక మంచం మీద ఢిల్లీబాబు. రెండో మంచం మీద మోహనకృష్ణ.

ఆ రెండో మంచమే ఢిల్లీబాబు కంట్లో నలుసు.

సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే రోజుల్లో తుఫానుకే జంకని మనిషి, ఇప్పుడు ఒక గుమస్తాని చూసి కుళ్ళిపోతున్నాడు. ఎందుకు కుళ్ళడు? మోహనకృష్ణకి చెమట పడితే రజని పమిట చెంగుతో తుడుస్తుంది. ఢిల్లీబాబుకి చలేస్తే దుప్పటి కప్పేదీ ఆమే, నిజమే. కానీ దుప్పటి కప్పడం వేరు, చెమట తుడవడం వేరు. ఆ తేడా తెలియనంత అమాయకుడు కాదు ఢిల్లీబాబు.

నవల కూడా ఆఖరికొచ్చింది. ఆర్యన్ అనేవాడు సౌమ్యని ప్రేమించి, చెప్పాపెట్టకుండా బెంగళూరు పోయాడు. మూడేళ్ళకి గులాబీలు పట్టుకుని తిరిగొచ్చాడు. ఈలోగా ఆమెకి జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది పక్కింటి సుధీర్. మనసులో మాట ఒక్కటీ పైకి అనలేదు పాపం.

"ఆ పిల్ల సుధీర్నే సేసుకోవాల," అన్నాడు ఢిల్లీబాబు. "ఫోనెత్తని ఎదవకి పూలొకటి తక్కువా? ఈ నవల రాసినోడికి ఏటైనా బుర్రుంటే..."

"రాసింది ఆడమనిషి," అంది రజని నవ్వుతూ.

"అయితే ఆవిడికి తెలిసే ఉంటాది."

మోహనకృష్ణ కళ్ళు మూసుకునే అందుకున్నాడు. "పక్కింటివాడు ఎంత మంచివాడైనా పక్కింటివాడే ఢిల్లీబాబుగారూ. ఆ పిల్ల మనసు ఆర్యన్ దగ్గరుంటే సుధీర్ ఏం చేస్తాడు?"

"నాకూ అలాగే అనిపిస్తంది," అంది రజని, అటు తిరిగి.

అటు తిరిగి! ఢిల్లీబాబుకి ఒళ్ళు మండిపోయింది. బీపీ పెరిగిందని మిషన్ కూత పెట్టింది.

"ఆఖరి భాగం మంగళవారం సదువుతాను," అని రజని పుస్తకం మూసి, మందుల కోసం కిందికి వెళ్ళింది.

సుధీర్ గెలవాలి. గెలిచినప్పుడు రజని మొహం తను చూడాలి. ఆ పూట మధ్యలో ఈ గుమస్తా వ్యాఖ్యానం ఉండకూడదు. ఢిల్లీబాబుకి అదే పట్టుకుంది. మోహనకృష్ణకి కునుకు పట్టగానే నర్సు కీర్తిని దగ్గరికి పిలిచాడు.

"సిస్టరమ్మా, ఆ బాబు పాపం హరిశ్చంద్రపురం నుంచి సీకటితోనే రైలెక్కి వత్తన్నాడు. మజ్జానం షిఫ్టుకి మార్సేద్దురూ. పున్నెముంటాది."

మధ్యాహ్నం షిఫ్టులో ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఈ ఉద్దానంలో ఎవరూ అడగరు. పని జరిగిపోయింది. మెలకువ వచ్చాక సంగతి తెలిసి, మోహనకృష్ణ ఢిల్లీబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"నా కష్టం గురించి ఇంత ఆలోచించారా!"

ఢిల్లీబాబు కాస్తయినా సిగ్గుపడలేదు.

మంగళవారం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సూది గుచ్చారు. మిషన్ తిరిగింది. పక్క మంచం మీద కవిటి నుంచి వచ్చిన దానయ్య గురక పెడుతున్నాడు. కుర్చీ ఖాళీ. తలుపు చప్పుడైన ప్రతిసారీ ఢిల్లీబాబు మెడ తిప్పాడు.

ఇక ఆగలేకపోయాడు.

"సిస్టరమ్మా, రజని ఇంకా రాలేదేటి?"

కీర్తి వింతగా చూసింది.

"మొగుణ్ణి మజ్జానం షిఫ్టుకి మార్పించేసి, పెళ్ళాం పొద్దున్న రాలేదేటని నన్నడుగుతావేటి, ఢిల్లీబాబూ?"