సొట్ట ఇటుక

“కింది మూల నుంచి మొదలుపెట్టు, గోపయ్యా. ముందుగాల గా నల్ల ఇటుకను కప్పెయ్యి,” అన్నాడు ఓవర్సియర్ రామచంద్రం.

తాపీ పట్టుకుని వంగిన మేస్త్రీ గోపయ్య ఆగిపోయాడు. బంగళా ఊడ్చే ముసలి ఈదమ్మ సరిగ్గా ఆ మూలకే వీపు ఆనించి కూర్చుంది.

చిట్యాల రోడ్డు పక్కన ఒక ఇంగ్లీషు దొర కట్టించుకున్న ఎర్ర ఇటుకల బంగళా అది. మంచు జారిపోవడానికి ఏటవాలు కప్పు, చలి కాచుకోవడానికి గోడలో పొయ్యి, దానిమీద పొగగొట్టం. ఎండకు కాకులు నోళ్లు తెరిచే చోట, పాపం, ఆ దొర తన దేశాన్నే కట్టుకున్నాడు. ఇప్పుడు నందికొండ డ్యాం పనికి వచ్చే పెద్ద ఇంజనీర్లు అందులో దిగుతారట. గోడలన్నీ సిమెంటు పూసి తెల్లగా చేయమని పైనుంచి హుకుం.

“జరుగు ఈదమ్మా.”

“ఇల్లంత పూసుకో సారూ. గీ ఒక్క ఇటుకను ఇడిసిపెట్టు.”

“గోడంతట్ల సొట్టది గదే. నీ తల నూనె అంటి జిడ్డు గూడ పట్టింది.”

“తల నూనె గాదు సారూ.”

“ఏదైతేంది! గసుంటి ఇటుకను దొర ఎట్ల పెట్టనిచ్చిండో.”

“పారేసిండు. కాళ్లు మొక్కి నేనే పెట్టించిన. గీ ఇటుకలన్నీ నేను, నా పెనిమిటి కోసినయే. బట్టీ కాల్చిన యేడే గత్తరొచ్చి ఆయన పోయిండు. నేను, నా కొడుకు ఈడనే ఉండిపోయినం.”

ఆమెకు కొడుకున్నాడని రామచంద్రం వినడం అదే మొదలు. బంగళా కట్టి ముప్పై ఏళ్లు దాటింది. అంత మనిషి, తల్లి చేత చీపురు పట్టించి ఎక్కడ బలాదూరు తిరుగుతున్నాడో అని ఒళ్లు మండింది.

“వాన్ని నందికొండకు తోలు. డ్యాం మీద పనిప్పిస్త. నువ్వు గూడ పో, సుఖపడుతవ్.”

“వాడు యాడికీ రాడు సారూ. చిన్నోడు.”

రామచంద్రానికి నవ్వొచ్చింది. తల్లులంతా ఇంతే అనుకున్నాడు.

“ఇగ జరుగమ్మా. పొద్దుగూకేవరకు గోడ కాకుంటే నా నౌకరి పోతది.”

ఈదమ్మ కళ్లు తుడుచుకున్న కొంగుతోనే ఆ ఇటుకనూ మెల్లగా తుడిచి, పక్కకు జరిగింది.

గోపయ్య తాపీ నిండా సిమెంటు ఎత్తాడు. ఎత్తినవాడు మళ్లీ దించేశాడు.

“సారూ, జర ఇటొచ్చి సూడుండ్రి.”

విసుక్కుంటూనే రామచంద్రం వంగి చూశాడు.

ఇటుకలో ఒక పసిపాదం అచ్చుపడి ఉంది.