తొమ్మిదో నెల టిక్కు

ఆ ఆరోగ్య కేంద్రంలో నర్సుని అందరూ ‘నూటికి నూరు’ అని పిలుస్తారు. పిల్లల టీకాల లెక్కలో ఆమె ట్యాబు ఏనాడూ నూరు శాతానికి తగ్గలేదు మరి. అంత నిఖార్సయిన లెక్క దేవుడి దగ్గర కూడా ఉండదని డాక్టరు వేళాకోళం చేసేవాడు.

కిటుకు ఆమెకొక్కదానికే తెలుసు. సాయంత్రం నాలుగైతే చాలు, ఆ రోజు జాబితాలో వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ కలిపి టిక్కు కొట్టేస్తుంది. టిక్కు పడగానే తల్లి ఫోనుకి మెసేజ్ దానంతటదే వెళ్తుంది. రానివాళ్ళు రేపొస్తారులే అని ఆమె ధీమా. చాలామంది వచ్చేవాళ్ళు కూడా.

ఇప్పుడు పై ఆఫీసు కొత్త పని పెట్టింది. తల్లుల్ని పిలిపించి, వాళ్ళ కార్డులతో ట్యాబుని సరిచూసి, తప్పులు దిద్దాలి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఉదయం నుంచీ ఆమెకి కుర్చీలో కుదురు లేదు.

మొదట వచ్చినావిడ బట్టలు కుడుతుంది. చీర మీద ఇంకా దారం ముక్కలున్నాయి. కార్డు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చింది.

కార్డులో ఒక్కటే ముద్ర, పుట్టిన రోజుది. ట్యాబులో ఐదు టిక్కులు. నర్సు కార్డు వెనక్కి తిప్పి కూడా చూసింది.

“పోయిన వారం మెసేజ్ వచ్చిందండీ. మీ బాబుకి తొమ్మిదో నెల టీకా పూర్తయింది, అభినందనలు అని,” అంటూ ఆవిడ ఫోన్ చూపించింది. “అంతకుముందువి కూడా ఉన్నాయి. ఒక్కటీ పోనివ్వలేదు.”

సాక్ష్యాలన్నీ దాచిపెట్టుకుందన్నమాట. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది నర్సు.

“మళ్ళీ ఎప్పుడండీ?”

“ఏడాదిన్నరకి.”

“అప్పుడు కూడా పంపుతారా?”

ఆ ఎత్తిపొడుపుకి నర్సుకి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి కూర్చుంది గానీ, ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది.

“తప్పు నాదేనమ్మా. టీకా వెయ్యకుండానే వేసినట్టు టిక్కు కొట్టాను. మీ బాబు ఒక్కడికే కాదు, ఇంకా చాలామందికి. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పై ఆఫీసుకి మీరు చెప్పినా సరే, నేనే చెప్పుకున్నా సరే. ముందు బాబుని తీసుకురండి, వెయ్యాల్సినవన్నీ వేస్తాను. ఈ దొంగ టిక్కులు మీ ఎదుటే తీసేస్తాను.”

స్క్రీన్ మీదకి వెళ్తున్న ఆమె చేతిని ఆవిడ గబుక్కున పట్టుకుంది.

“తీసెయ్యకండి సిస్టర్‌గారూ, మా బాబు నెల తిరక్కుండానే పోయాడు, మీ మెసేజుల్లోనే పెరుగుతున్నాడు.”