కార్వేటినగరం నవల

“ఈ పుస్తకం రాసినామెది యా వూరు?”

పంకజాక్షి నవలను బల్ల మీద దబ్బున పడేసి అడిగిన తీరుకు అద్దె పుస్తకాల అంగడి దేవరాజులు బిత్తరపోయాడు.

ఆమె కోపం ఆయనకు కొత్త కాదు. చిత్తూరికి కొత్త నవల ఏది వచ్చినా ముందుగా చదివేది ఆమే, తిరిగిచ్చేటప్పుడు తిట్టేదీ ఆమే. కారు దిగిన మగవాణ్ణి చూడగానే కళ్ళు తిరిగి పడిపోయే కథానాయికలంటే ఆమెకు ఒళ్ళుమంట. చెంపదెబ్బ కొట్టినవాణ్ణే చివరి పేజీలో పెళ్ళాడేవాళ్ళంటే మరీను. రేడియోలో మధ్యాహ్నంపూట నవల చదివి వినిపించే ఆమెను కూడా వదిలేది కాదు. ఏడుపునూ నవ్వునూ ఒకే రాగంలో చదువుతుందని, ఇంట్లో అన్నం పెట్టకుండా పంపినట్టున్నారని అనేది. ఆ తిట్లు వినడానికే దేవరాజులు కొత్త పుస్తకాలు ఆమెకోసం దాచి ఉంచేవాడు.

ఈసారి ఆమె తిట్టలేదు.

రాసినామె పేరు రుక్మిణమ్మని, ఊరు కార్వేటినగరమని, బడిలో పాఠాలు చెప్పి మానుకుందని, ఇదే మొదటి నవల అని దేవరాజులు చెప్పాడు. బాగలేదా అమ్మా అని అడిగాడు. ఆమె పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకొని వెళ్ళిపోయింది.

బాగుండటమే వచ్చిన చిక్కు. ఆ నవలలో ఉన్నది తనే.

పంకజాక్షి భర్త ధనంజయకు గుడ్డలంగడి ఉంది. ఆయన కొట్టడు, తిట్టడు. నలుగురిలో ఆమె నోరు తెరిస్తే చాలు, దానికేం తెలుసు అని నవ్వుతాడు. నలుగురూ నవ్వుతారు. నవలలో మొగుడిదీ అదే మాట, అదే నవ్వు. పంకజాక్షి బావి దగ్గర ఏడుస్తుంది, గిలక కిర్రుమంటుంటే ఎవరికీ వినపడదు కాబట్టి. నవలలో కథానాయిక ఏడ్చేదీ అక్కడే. అంతవరకైతే పోనీలెమ్మనుకునేది. కానీ ఒకప్పుడు పంకజాక్షి సంచిలో నాలుగు చీరలు కుక్కుకొని, ఇక ఈ ఇంటికి రాకూడదనుకొని, తడ ఊళ్ళోని పుట్టింటికి పోవాలని బస్టాండుకు వెళ్ళింది. బస్సు వచ్చింది. పోయింది. ఆమె బెంచీ మీదినుంచి లేవలేదు. యాడికి పోయినావని అడిగితే చెప్పుకోవడానికి కరివేపాకు కొనుక్కొని ఇల్లు చేరింది. నవలలో కథానాయిక కూడా బస్సు వదిలేసి తిరిగొచ్చింది, చేతిలో కొత్తిమీర కట్టతో.

కరివేపాకును కొత్తిమీర చేస్తే కనిపెట్టలేననుకున్నారా అని పంకజాక్షి పళ్ళు కొరికింది.

బస్టాండు సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్క పక్కింటి యశోదమ్మకే. మిద్దె మీద వడియాలు పెడుతూ చెప్పింది. యశోదమ్మ అంతా విని ఆమె చెయ్యి పట్టుకొని చాలాసేపు కూర్చుంది. యశోదమ్మకేం, మొగుడు చెంగయ్య బంగారమని వీధంతా చెప్పుకునేవాళ్ళు. పండక్కి పట్టుచీర, సాయంత్రమైతే మల్లెపూలు. అలాంటి మనిషికి పక్కవాళ్ళ ఏడుపు కాలక్షేపమే కదా అనుకుంది పంకజాక్షి. పైగా యశోదమ్మ పుట్టిల్లు కార్వేటినగరం.

నేరుగా పక్కింటికి పోయింది. యశోదమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది.

“కార్వేటినగరం ఆమె రాసిన నవల సదివినావా అక్కా?”

చేట ఆగిపోయింది. “లేదే” అంది యశోదమ్మ, తల ఎత్తకుండా.

ఆమె వెనక కిటికీలో అదే నవల ఉంది. అంగడి ముద్ర లేని కొత్త ప్రతి, మధ్యలో గుర్తుకు అగరొత్తి పుల్ల.

పంకజాక్షి వెనక్కి వచ్చేసింది. ఆ రోజునుంచి గోడ మీదుగా కూర గిన్నెలు పోవడం ఆగిపోయింది. యశోదమ్మ కూడా పిలవలేదు. వీధిలో ఎదురైతే తల దించుకొని తప్పుకునేది. తప్పు చేసినామెకు తల ఎట్లా లేస్తుందిలే అనుకుంది పంకజాక్షి. ఇంకోవైపు దేవరాజులు అంగడిలో ఆ నవల కోసం ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. చదివినవాళ్ళు ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. తనను చూసి లోపల నవ్వుకుంటున్నారని ఆమెకు గట్టిగా అనిపించింది. నమ్మి చెప్పుకున్న ఒక్క మాటను ఊరి చేతిలో పెట్టారన్న కోపం రోజురోజుకూ పెరిగింది.

ధనంజయ సరుకు కోసం మద్రాసు పోయిన రోజు ఆమె కార్వేటినగరం మీదుగా పోయే పుత్తూరు బస్సెక్కింది. నా బతుకు అచ్చేసి అమ్ముకోమని నీకెవురు సెప్పినారు అని అడగాలి. ఎవరు చెప్పారో ఆ రుక్మిణమ్మ నోటితోనే అనిపించాలి. అప్పుడు వచ్చి యశోదమ్మను ముఖం మీదే కడిగెయ్యాలి. కార్వేటినగరంలో దిగేదాకా ఆమె ఆ మాటలే పేర్చుకుంటూ వచ్చింది.

పాత కోట దాటి రెండు వీధులు తిరిగితే రుక్మిణమ్మ ఇల్లు. తలుపు మూసి ఉంది. తిన్నె మీద, తలుపు తట్టే ధైర్యం లేనట్టు ఒదిగి, యశోదమ్మ కూర్చొని ఉంది.

పంకజాక్షికి ఒళ్ళు భగ్గుమంది. ఆమెను కడిగెయ్యడానికి మళ్ళీ చిత్తూరుదాకా పోవలసిన పని కూడా లేకపోయింది.

“మిగిలిందేమన్నా ఉంటే సెప్పి పోదామని వచ్చినావా?”

యశోదమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. నువ్వు ఈడికెందుకు వచ్చినావని అడగబోయి ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“నా కథ ఈమెకు ఎవురు సెప్పినారో అడిగేదానికి వచ్చినా పంకజా.”